పొలిమేర దగ్గర కాళ్ళు కడుక్కునే డాక్టర్ సాబ్

మా గొడ్ల డాక్టర్ సాబ్ పోయారన్న కబురు జడ్చర్ల నుంచి వచ్చే పొద్దుటి బస్సులో వచ్చింది. కండక్టరు మా ఊరి మలుపు దగ్గర దిగి, పాన్‌డబ్బా ముందు కూర్చున్నవాళ్ళకు చెప్పాడట. పాన్‌డబ్బా నుంచి మా కొట్టం దాకా రావడానికి కబురుకు ఎంతసేపు పడుతుంది? నేను పెండ తీస్తున్నాను. మా అత్త బర్రె కింద కూర్చుని పాలు పిండుతోంది. మా ఆయన వచ్చి "జడ్చర్ల సాబ్ పోయిండట" అన్నాడు. అత్త చెయ్యి ఆగలేదు. సగంలో ఆపితే పొదుగు చెడుతుందని చెప్పింది ఆ సాబే కాబట్టి, పాలన్నీ అయ్యేదాకా పిండింది. తర్వాత లేచి చెంబు నా చేతికిచ్చి, కొట్టం గడపలో పరిచిన గోనెసంచిని కాలితో తొక్కి చూసింది. ఎండిపోయి ఉంది. బట్టల సోడా కలిపిన నీళ్ళు తెచ్చి సంచి తడిసేదాకా పోసింది. అప్పుడు అరుగు మీద కూర్చుని ఏడ్చింది.

ఆ తడి సంచి అలవాటు మాకు నేర్పింది సాబే. ఇప్పుడు మా ఊళ్ళో గొడ్డున్న ప్రతి ఇంటి గడపలోనూ అలాంటి సంచి కనిపిస్తుంది. కొత్తగా కాపురానికొచ్చిన కోడళ్ళు మొదట దాని మీద జారతారు, తర్వాత అలవాటు పడతారు. నేనూ జారాను.

ఆయన ఎనభైల్లో కోస్గి పశువుల దవాఖానకు బదిలీ మీద వచ్చారు. సొంతూరు జడ్చర్ల. పొడుగ్గా, కొంచెం వంగి నడిచేవారు. ఒక పాత స్కూటరు, దాని వెనక కట్టిన చెక్కపెట్టె, ముందర కాళ్ళ దగ్గర ఒక చిన్న బకెట్టు. ఆ బకెట్టు చూసి మా ఊళ్ళో అందరూ నవ్వేవాళ్ళు. డాక్టరన్నవాడు మెడలో గొట్టం వేసుకుని వస్తాడు గానీ బకెట్టు పట్టుకొస్తాడా? ఆయన మా పొలిమేర దగ్గర స్కూటరాపి, రాయి మీద కూర్చుని, రబ్బరు చెప్పులూ కాళ్ళూ సోడా నీళ్ళతో కడుక్కుని గానీ ఊళ్ళోకి వచ్చేవారు కాదు. సరే, అంతవరకూ మసీదుకు పోయే మనిషి అలవాటేమో అనుకున్నాం. పని అయిపోయి వెళ్ళేటప్పుడు కూడా అదే రాయి మీద కూర్చుని మళ్ళీ కడుక్కునేవారు.

మా అత్త ఒకరోజు అడగనే అడిగింది. "ఏంది సాబ్, మా ఊరి మన్ను గూడ నీ కాళ్ళకు అంటొద్దా? మేమేమన్న అంటరానోళ్ళమా?"

సాబ్ నవ్వి, "వచ్చేటప్పుడు కడుక్కునేది మీ కోసం అమ్మా. పోయేటప్పుడు కడుక్కునేది అవతలోళ్ళ కోసం" అన్నారు.

మా అత్తకు ఆ జవాబు నచ్చలేదు. ఆమెకు ఎవరి జవాబూ నచ్చదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గానీ, మా అత్తకు ఆ మొదటి సగం లేకుండానే ఊరంతా మంచిగా ఎలా ఉందో నాకు ఇప్పటికీ తెలీదు. కాకపోతే ఆమెకు ఊళ్ళో ఒక హోదా ఉంది. గొడ్లకు రోగమొచ్చినప్పుడు ఊరు కట్టే తాడు మా ఇంటిది. జనుప నారతో పేనిన లావు మోకు. దానికి పసుపు పూసి, వేపమండలు కట్టి, ఊరి మొదట్లో రెండు గుంజలకు అడ్డంగా కట్టేవారు. డప్పు కొట్టి చాటింపు వేశాక పొరుగూరి గొడ్డు లోపలికి రాకూడదు, మన గొడ్డు బయటికి పోకూడదు. ఆరోజు ఊళ్ళో ఎవరూ కూరకు పోపు పెట్టరు. పొద్దు పొడవగానే ఊళ్ళో ఉన్న ఎడ్లు, ఆవులు, బర్రెలు, దూడలు అన్నింటినీ ఒక్కచోటికి తోలి, ఆ తాడు కింద నుంచి దాటించేవారు. మొదట దాటేది తాడున్న ఇంటి గొడ్లు, అంటే మావి. మా మామ పోయాక ఆ పని అత్త చేతికి వచ్చింది.

నేను కాపురానికొచ్చిన ఏడు సాబ్ ఊరూరా తిరిగి గాలికుంటుకు సూదులేశారు. నోట్లో పొక్కులు, గిట్టల మధ్య పుండ్లు, ఆగకుండా కారే జొల్లు, ఇదీ గాలికుంటు. పెద్ద గొడ్లు చాలావరకు లేచి తిరుగుతాయి గానీ, పని రోజుల్లో వచ్చిందంటే ఎద్దు కాలు కింద పెట్టలేదు, రైతు పొలంలోకి దిగలేడు. సూదులేసిన కొన్నాళ్ళకే, చలికాలంలో, రోగం మళ్ళీ వచ్చింది. సూది పడిన గొడ్లకే వచ్చింది! ఇంక మా అత్త నోటికి పండగ.

"నీ సూదిల మందు పోసినవా, మా బావి నీళ్ళు పోసినవా సాబ్?" అంది అందరి ముందూ.

ఆయన జొల్లు కారుతున్న ఎద్దు మూతి పట్టుకుని, దాని చెవిలో ఉర్దూలో ఏదో బుజ్జగిస్తూ, చిట్లిన పొక్కు తోలు కొంచెం తీసి మందు నీళ్ళున్న సీసాలో వేసుకున్నారు. దాన్ని హైదరాబాదుకు పంపుతానన్నారు. తర్వాత జేబులోంచి బెల్లం ముక్క తీసి, పుండ్ల నోటితో ఎద్దు తినలేకపోతే నీళ్ళలో కరిగించి తాగించారు. ప్రతి గొడ్డుకూ చివర్న బెల్లం పెట్టడం ఆయన పద్ధతి. ఆయన చొక్కా జేబు ఎప్పుడూ జిగటగా ఉండేది, ఆయన బేగం ఆ చొక్కాలు ఉతకలేక తిట్టేదట.

మళ్ళీ వచ్చినప్పుడు మా అరుగు మీద కూర్చుని అత్తను అడిగారు. "అమ్మా, పగటివేషగాళ్ళు వస్తరు గద మీ ఊరికి?"

"వస్తరు. ఏం?"

"ఒక్క దినముండి పోతే ఎన్ని వేషాలు చూస్తవ్?"

"ఒక్కటే."

"ఊరంత చాటలతోని బియ్యం పెట్టి నెలదినాలు ఉంచుకుంటే?"

"దినానికొకటి ఏస్తరు. నిన్నటోడే ఇయ్యాల వచ్చిండని గుర్తు గూడ పట్టం."

"గీ రోగం గూడ గట్లనే. ఎన్ని గొడ్లల్ల చేరితే అన్ని సార్లు మొఖం దిద్దుకుంటది. నా సూది దాని పాత మొఖాన్నే గుర్తు పడ్తది. ఇది కొత్త మొఖంతోని వచ్చింది. హైదరాబాదోళ్ళు సీసా చూసి చెప్పిన్రు."

అత్త అంది, "అయితే కొత్త మొఖానికి కొత్త సూది తే."

"తెస్త. కని అది వేషం మార్చుడు, నేను సూది మార్చుడు, ఎన్నేండ్లు ఉరుకుదాం అమ్మా? దానికి బియ్యం పెట్టుడు తగ్గించాలె. గొడ్డుకు గొడ్డు కలవకుంట చూడాలె."

నాకు ఆ మాట అప్పుడే మనసుకు పట్టింది. అత్తకు పట్టిందో లేదో ఆమె మొహం చూసి చెప్పడం కష్టం.

పట్టిందని తెలిసింది మరో రెండు మూడేళ్ళకు, ఎండాకాలం చివర్లో. మిరుగు కార్తె ముందర, ఊరంతా విత్తనం వేసే గొర్రులు బాగు చేయించుకుని వాన కోసం చూస్తున్న రోజులు. మా దిగువ ఊళ్ళో ఎవరో నారాయణపేట అవతల, కన్నడ రాష్ట్రం దిక్కు అంగడిలో ఎడ్లను కొని తోలుకొచ్చారు. వాటి వెంట గాలికుంటు వచ్చింది. మాకు జొన్న, కంది, ఆముదం అన్నీ వాన మీదే. మిరుగులో గొర్రు పట్టకపోతే ఆ ఏడు లేనట్టే. మాకున్నది ఒక్క జత, ఎర్రోడు, తెల్లోడు.

మా ఊరివాళ్ళు కబురు తెలిసిన సాయంత్రమే పొలిమేర మూశారు. కర్రలు పట్టుకుని మనుషులు కాపలా కూర్చున్నారు. మా పుట్టింటివాళ్ళు నాకోసం పాలబర్రెను తోలుకొస్తే, మా అన్న అని కూడా చూడకుండా బర్రెతో సహా వెనక్కి పంపారు. నాకు ఏడుపొచ్చింది గానీ లోపల సంతోషమే అయింది, కాపలా గట్టిగా ఉందని. సాబ్ విని మెచ్చుకున్నారు. కానీ మరునాడు అందరి గొడ్లనూ తాడు కిందికి తోలుతారని తెలియగానే ఆయనకు కోపమొచ్చింది. ఆయన గొంతు పెంచగా నేను విన్నది ఆ ఒక్కసారే.

"పొలిమేర కట్టిన్రు, శభాష్! మరి లోపల గొడ్లన్నిట్ని మూతికి మూతి ఆనిచ్చి నిలబెడ్తరా? దొంగను ఇంట్ల పెట్టి తలుపేసినట్టు గాదా? ఒక్కదానికి వచ్చి ఉంటే చాలు, రేపటికి ఊరంత అంటుకుంటది. గప్పుడు బయటి నుంచి కొత్త వేషం రావాల్నా, మీ ఊళ్ళెనే తయారైతది!"

"తాడు దాటకుంట కట్టు ఎట్లైతది సాబ్? ఊరి తల్లికి కోపమొస్తే నువ్వొచ్చి ఆపుతవా?" అంది అత్త. ఊరంతా ఆమె వైపే ఉంది. సాబ్ టోపీ తీసి స్కూటరు మీద కొట్టి, కోపంతో వెళ్ళిపోయారు. అంత కోపంలోనూ పొలిమేర దగ్గర ఆగి కాళ్ళు కడుక్కున్నారని కాపలావాళ్ళు తర్వాత నవ్వుతూ చెప్పారు.

తెల్లారేసరికి మళ్ళీ మా అరుగు మీద ఉన్నారు. ఐసు డబ్బాలో సూది మందు, ఇంకో డబ్బాలో ఉడకబెట్టిన సూదులు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అమ్మా, ఒక్క మాట చెప్పు. గొడ్డే తాడు కిందికెల్లి పోవాల్నా, తాడు గొడ్డు మీదికెల్లి పోయినా నడుస్తదా?"

అత్త ఆయన్ను ఎగాదిగా చూసింది. "ఏమో. మా మామ ఎన్నడు చెప్పలే. తాడు దాటుడే గద ముఖ్యం."

"అయితే గొడ్లను కదిలియ్యకు. తాడునే ఇల్లిల్లు తిప్పుదాం. ఎవరి కొట్టంల వాళ్ళ గొడ్డు మీద నువ్వు తాడు దాటియ్యి. నీ వెనక నేను సూదేస్త. ఇంటికి ఇంటికి నడుమ తాడును నా బకెట్ల ముంచాలె."

"పసుపంత పోతది."

"మళ్ళ పుయ్యి. పసుపు నేను తెచ్చిచ్చిన." నిజంగానే పెట్టెలోంచి పసుపు పొట్లం తీశారు. కోస్గి దుకాణం తెరిపించి మరీ తెచ్చారట. మా అత్త నవ్వు ఆపుకోలేకపోయింది.

అంతా కుదిరిందనుకున్నాం. అప్పటికి నాకూ అత్తకూ తెలిసిన సంగతి ఇంకెవరికీ తెలీదు. ఆ పొద్దున్నే గడ్డి వేయడానికి పోయి నేను చూశాను, ఎర్రోడి మూతి నుంచి నురగ జొల్లు కారుతోంది. చాటింపుకు ముందు మా ఆయన దిగువ ఊరికి బండి తోలి, అక్కడి తొట్టిలో ఎడ్లకు నీళ్ళు తాపాడు. అత్తకు చూపిస్తే ఆమె మొహం నల్లబడింది. "నోరు మూసుకో" అంది. తాడున్న ఇంటికే ముందు రోగం వస్తే ఊరు ఊరుకుంటుందా? తల్లి వాళ్ళ మీదే అలిగిందంటారు. తాడు ఇంకో ఇంటికి పోతుంది. మా మామ, ఆయన తండ్రి మోసిన తాడు.

సాబ్ ఎప్పటిలాగే మనుషుల కంటే ముందు గొడ్లను పలకరించడానికి కొట్టంలోకి వెళ్ళారు. ఎర్రోడి పెదవి ఎత్తి చూశారు. ఆయన చేతులు కడుక్కుని బయటికొచ్చారు. అప్పటికి వాకిట్లో ఊరి పెద్దలు, డప్పు వాళ్ళు చేరారు.

"తాడు ఏ ఇంటి నుంచి మొదలు?" అని మెల్లగా అత్తను అడిగారు.

"ఎప్పుడు మా ఇంటి నుంచే."

"అట్లనా." గొంతు ఇంకా తగ్గించారు. "మంచిగున్న ఇండ్లకెల్లి మొదలైతే సూది పనిచేస్తది. రోగమున్న ఇంటికి తాడు గాని, నేను గాని ఆఖరుకు పోవాలె. నేనేం చెప్ప. తాడు నీది, నువ్వే చెప్పాలె అమ్మా."

ఆయన ఆ ఒక్క మాట గట్టిగా అని ఉంటే పని అయిపోయేది. మా అత్త పరువూ దాంతోపాటే పోయేది. ఆయన అనలేదు. అరుగు మీద కూర్చుని, జేబులో బెల్లం వెతుక్కుంటున్నట్టు తల వంచుకున్నారు.

మా అత్త తాడు రెండు చేతులతో పట్టుకుని అట్లాగే నిలబడింది. నేను ఆమెను అంత చిన్నగా ఎప్పుడూ చూడలేదు. తర్వాత తాడు భుజానికెత్తుకుని వాకిట్లోకి దిగింది.

"మా ఎర్రోనికి వచ్చింది" అంది అందరికీ వినపడేలా. "తల్లి ముందుగాల మా కొట్టానికే వచ్చింది. అందుకని తాడు ఊరి ఆ కొసాకరు ఇంటికెల్లి మొదలు. మా ఇల్లు ఆఖరు. మా కొట్టం దిక్కు ఎవ్వరు గొడ్డును తోలకున్రి."

డప్పు కొట్టేవాడి చెయ్యి కూడా ఆగింది. ఎవరో ఒకరు ఏదో అంటారని నేను కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డాను. చివరికి ఊరి పెద్దాయన ఒకరు అన్నారు, "మరి నిలబడ్డరేందిరా, ఆమె పోతాంది, నడువున్రి."

ఆ రోజు పొద్దంతా తాడు ఊరు తిరిగింది. ముందు అత్త, వెనక సూదితో సాబ్, వాళ్ళ వెనక బకెట్టు పట్టుకుని నేను. ఎండకూ సోడా నీళ్ళకూ చేతులు పగిలాయి. ప్రతి ఇంటి దగ్గరా తాడు ముంచడం, పసుపు పూయడం, కొత్త వేపమండ కట్టడం. కొన్ని ఇళ్ళలో గొడ్లు తాడు చూసి బెదిరితే సాబ్ ఉర్దూలో బుజ్జగించేవారు, అత్త తెలుగులో తిట్టేది, గొడ్డు ఎవరో ఒకరి మాట వినేది. నేను నవ్వితే అత్త నన్నూ తిట్టేది. ఆ రోజు అంత భయంలోనూ మేం ఎంత నవ్వామో చెబితే నమ్మరు. తాడు మా ఇంటికి చేరేసరికి పొద్దు గుంకింది. ఎర్రోడి మీద తాడు దాటించి, అత్త వాడి మెడ పట్టుకుని నిలబడిపోయింది.

రోగం మా కొట్టాన్ని, పక్కనున్న ఒకటి రెండు కొట్టాలను ముట్టి ఆగింది. దిగువ ఊళ్ళో మాత్రం ఒక్క జత కూడా పొలంలోకి దిగలేకపోయింది. మిరుగు వాన పడిన రోజు మా ఎర్రోడు ఇంకా కుంటుతూనే ఉన్నాడు. మా ఆయన తలుపు దగ్గర కూర్చుని వాన చూస్తున్నాడు. ఇంతలో బయట గంటల చప్పుడు. ఏ ఇంటి నుంచి తాడు మొదలైందో ఆ కొసాకరు ఇంటివాళ్ళు తమ ఎడ్లను కట్టుకుని, గొర్రుతో సహా నేరుగా మా మెట్ట చెలకకు పోతున్నారు. వాళ్ళ వెనక ఇంకో జత.

"మీ చెలక అయినంక మాది" అన్నాడు ఆ ఇంటాయన, ఎడ్లను ఆపకుండానే. "ఆఖరుకు ఉన్నోళ్ళది ముందుగాల వెయ్యాలె గద."

సాబ్ మధ్యాహ్నం వచ్చి గట్టు మీద గొడుగు పట్టుకుని నిలబడి చూశారు. మా అత్త జొన్నరొట్టె, పచ్చి ఉల్లిగడ్డ పెడితే అక్కడే తిన్నారు. "ఫికర్ చెయ్యకు అమ్మా, ఎర్రోడు వచ్చే ఏటికి గుర్రమైతడు" అన్నారు. అయ్యాడు కూడా.

తర్వాత ఆయన చాలా ఏళ్ళు కోస్గిలోనే ఉన్నారు. తాడు మా ఇంట్లోనే ఉంది. ఏటా సూదుల కాలంలో దాన్ని ఇల్లిల్లు తిప్పడం ఊరి ఆచారమైపోయింది, అది పుట్టక ముందు ఇంకోలా ఉండేదని ఇప్పటి పిల్లలకు తెలీదు. ఏ ఇంట్లో గొడ్డుకు కొంచెం నలతగా ఉన్నా ఆ ఇంటివాళ్ళే వచ్చి "మాకు ఆఖరుకు తే" అని అడుగుతారు. అట్లా అడగడానికి ఎవరూ సిగ్గుపడరు, మొదట అడిగింది మా అత్త కాబట్టి. రంజానుకు సాబ్ ఇంటి నుంచి సేమియా వచ్చేది, మా ఇంటి నుంచి కొత్త జొన్నలు పోయేవి. నౌకరీ నుంచి రిటైరై జడ్చర్లకు వెళ్ళేటప్పుడు మా ఇంటికి వచ్చి, "రోగం ఏ పొలిమేర దగ్గర టికెట్టు కొనదు అమ్మా, కాళ్ళు కడుగుడు మానకున్రి" అన్నారు. మా అత్త "గిదొక్కటే పాట నీకు" అని విసుక్కుంది. ఆయన బండి కనుమరుగయ్యేదాకా మాత్రం అక్కడే నిలబడింది.

కబురొచ్చిన రోజే అత్తా నేనూ బస్సెక్కి జడ్చర్ల పోయాం. అప్పటికే మట్టి ఇవ్వడం అయిపోయింది. ఆయన బేగం మమ్మల్ని లోపల కూర్చోబెట్టింది. గోడ పక్కన పాత స్కూటరు, దాని మీద ఎవరో ఆరేసిన చద్దరు. ఎర్రోడు గుర్రమైన సంగతి అత్త బేగంకు వివరంగా చెప్పింది, ఆమె అది చాలాసార్లు విన్నదే అయినా. బేగం కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది, చొక్కా జేబుల్లో బెల్లం మరకలు చూపించింది. నాకు ఆ ఇంట్లో కూర్చుంటే దుఃఖం కంటే ఎక్కువగా, అట్లాంటి మనిషిని అన్నేళ్ళు చూశామన్న తృప్తి కలిగింది.

లేచేటప్పుడు, చావింట్లో పోయొస్తామని చెప్పకూడదు కాబట్టి ఊరికే నిలబడ్డాం. అత్త గడప దాకా వెళ్ళి ఆగింది.

"బీబీ, ఒక చెంబెడు నీళ్ళియ్యి" అంది.

తాగడానికేమో అనుకుని బేగం గ్లాసు తెచ్చింది. అత్త తల అడ్డంగా ఊపి, చెప్పులు విడిచి, చీర కొంచెం పైకెత్తి, గడప బయట బండ మీద కాళ్ళు ముందుకు పెట్టి నిలబడింది. బేగం ఒక్క నిమిషం అర్థంకాక చూసింది. తర్వాత లోపలికి వెళ్ళి, స్కూటరు ముందర నుంచి ఆ చిన్న బకెట్టు తీసి, నీళ్ళు నింపి, పిడికెడు సోడా వేసి కలిపి తెచ్చింది. వంగి, తన చేత్తోనే మా అత్త కాళ్ళ మీద పోసింది.